ఆటే చదువైతే: గూడెం కొత్తవీధి కొండల నుంచి క్రీడా, ఫిట్‌నెస్ కోర్సుల దాకా

ఇంటర్ ఫలితాలు వచ్చాక ఇంట్లో మొదలయ్యే గొడవ అందరికీ తెలిసిందే. అబ్బాయికి మార్కులు మామూలుగా వచ్చాయి. పొద్దున లేస్తే వాలీబాల్, సాయంత్రం కబడ్డీ. వాళ్ల అమ్మీ మాత్రం "ఆటలాడితే అన్నం పెడతాయా బేటా?" అని అడుగుతుంది. ఆ ప్రశ్నలో తప్పేమీ లేదు. కాకపోతే దానికి ఇప్పుడు సూటిగా చెప్పగలిగే జవాబు ఉంది. ఆడినందుకు అన్నం దొరికేది చాలా కొద్దిమందికే. ఆటను నేర్పడం, నడిపించడం, ఆడేవాళ్ల ఒంటిని చూసుకోవడం, మైదానాన్ని నిర్వహించడం మాత్రం వేలమందికి అన్నం పెడుతున్నాయి. ఈ పనులన్నింటికీ వేరువేరు చదువులున్నాయి.

గూడెం కొత్తవీధి అల్లూరి సీతారామరాజు జిల్లాలో ఒక మండల కేంద్రం. నర్సీపట్నంలో బస్సెక్కి, ఘాట్ రోడ్డు ఎక్కి, చింతపల్లి దాటి వెళ్లాలి. మండలంలో ఒకవైపు ఆర్వీ నగర్ కాఫీ తోటలు, ఇంకోవైపు సీలేరు జలవిద్యుత్ కేంద్రాలు. జనాభాలో అత్యధికులు ఆదివాసులు. ఉద్యోగాల మీద వచ్చినవాళ్లు, సంతలకు సరుకు తెచ్చే వ్యాపారులు, చిన్న దుకాణాలవాళ్లు, మెకానిక్‌లు ఇలా మైదానం నుంచి వచ్చి స్థిరపడిన కుటుంబాలూ ఈ ఏజెన్సీ ఊళ్లలో కనిపిస్తాయి. ఇక్కడి పిల్లలకు కాళ్లలో బలం ఉంటుంది. బడికి వెళ్లాలన్నా, వాగు దాటాలన్నా నడకే కాబట్టి. లేనిదల్లా సమాచారం. ఏ కోర్సు ఎక్కడుంది, ఎవరికి సీటొస్తుంది, చదివాక ఏ ఉద్యోగం దొరుకుతుంది అని చెప్పేవాళ్లు తక్కువ.

హైదరాబాదు ఇచ్చిన ఉదాహరణ

ఈ చదువు విలువ తెలియాలంటే ముందు ఒక బడిపంతులు గురించి చెప్పుకోవాలి. సయ్యద్ అబ్దుల్ రహీం 1909లో హైదరాబాదులో పుట్టారు. ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చదువుకున్నారు. కాచిగూడ మిడిల్ స్కూల్, ఉర్దూ షరీఫ్ స్కూల్, దారుల్ ఉలూం హైస్కూల్, చాదర్‌ఘాట్ హైస్కూల్‌లలో పనిచేశారు. మధ్యలో వ్యాయామ విద్యలో డిప్లొమా పూర్తిచేసి, చివరి రెండు బడులలో ఆటల బాధ్యత తీసుకున్నారు. ఈ డిప్లొమా సంగతిని చాలామంది దాటేస్తారు. రహీం సాబ్ అంటే 1951 ఢిల్లీ ఆసియా క్రీడల స్వర్ణం, 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 1962 జకార్తా ఆసియా క్రీడల స్వర్ణం గుర్తుకొస్తాయి. ఆయన మీద హిందీలో సినిమా కూడా వచ్చింది. అయితే ఆ విజయాల వెనుక ఉన్నది మైదానంలో అరిచే కోచ్ ఒక్కడే కాదు.

1943 నుంచి 1963లో కన్నుమూసేవరకు ఆయన హైదరాబాదు ఫుట్‌బాల్ సంఘానికి కార్యదర్శి. అంటే టోర్నమెంట్లు పెట్టడం, మైదానాలు కుదర్చడం, డబ్బు లెక్కలు చూడటం, జట్ల మధ్య తగాదాలు తీర్చడం ఆయన పని. 1950 నుంచి హైదరాబాదు సిటీ పోలీసు జట్టు బాధ్యతలూ చూశారు. ఆ జట్టు 1950 నుంచి 1954 దాకా వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచింది. డ్రిబ్లింగ్ చేయకూడదన్న నియమంతో ఒక టోర్నమెంటు, బలహీనమైన కాలితోనే బంతి తన్నాలని ఇంకో టోర్నమెంటు ఇలా పోటీలనే పాఠాలుగా మలిచారు. ఈ రోజుల్లో "స్పోర్ట్స్ మేనేజ్‌మెంట్" అని లక్షల ఫీజుతో నేర్పుతున్న చదువులో సగం ఆయన అప్పుడే చేసి చూపించారు.

ఆయన కొడుకు సయ్యద్ షాహిద్ హకీం 1960 రోమ్ ఒలింపిక్స్ జట్టులో ఉన్నారు. ఆట ముగిశాక ఆయన జీవితం ఆగిపోలేదు. వాయుసేనలో స్క్వాడ్రన్ లీడర్, ఫిఫా గుర్తింపు పొందిన రెఫరీ, కోచ్, స్పోర్ట్స్ అథారిటీ ఆఫ్ ఇండియాలో ప్రాంతీయ డైరెక్టర్. 2017లో ధ్యాన్‌చంద్ పురస్కారం అందుకున్నారు. ఒకే ఇంట్లో తండ్రి, కొడుకు కలిసి ఆటకు సంబంధించి ఎన్ని రకాల ఉద్యోగాలున్నాయో చూపించారు. హైదరాబాదు నుంచే ఎస్.ఎం. ఆరిఫ్ అనే బ్యాడ్మింటన్ కోచ్ ఉన్నారు. పుల్లెల గోపీచంద్ లాంటివాళ్లను తీర్చిదిద్దినందుకు 2000లో ద్రోణాచార్య, 2012లో పద్మశ్రీ వచ్చాయి. క్రికెటర్ గులాం అహ్మద్ టెస్టు కెప్టెన్సీ తర్వాత 1975 నుంచి 1980 వరకు భారత క్రికెట్ బోర్డు కార్యదర్శిగా పనిచేశారు. మన ఇళ్లలో ఆటను కాలక్షేపంగా చూడటం ఎక్కువే గానీ, ఆటను వృత్తిగా చేసుకున్న పెద్దలకు మాత్రం లోటు లేదు.

మొదటి మెట్టు: పీఈసెట్

కొండ మీది పిల్లలకు అన్నింటికంటే దగ్గరి దారి వ్యాయామ ఉపాధ్యాయుడి చదువే. ఆంధ్రప్రదేశ్‌లో దీనికి ఏపీ పీఈసెట్, తెలంగాణలో టీజీ పీఈసెట్ ఉన్నాయి. ఇంటర్ పాసై పదహారేళ్లు నిండినవాళ్లు రెండేళ్ల యూజీడీపీఈడీకి, డిగ్రీ పాసై పంతొమ్మిదేళ్లు నిండినవాళ్లు రెండేళ్ల బీపీఈడీకి దరఖాస్తు చేసుకోవచ్చు. ఒకప్పుడు బీపీఈడీ ఒక్క ఏడాదే. ఎన్‌సీటీఈ 2014 నిబంధనల తర్వాత రెండేళ్లయింది. పాత కోర్సు చేసిన మామయ్యలు చెప్పే లెక్కలు ఇప్పుడు పనికిరావు.

ఈ ప్రవేశ పరీక్షలో విశేషం ఏమిటంటే రాత పరీక్ష ఉండదు. మైదానంలోనే మార్కులు. మొత్తం 500 మార్కుల్లో 400 శారీరక సామర్థ్యానికి, 100 అభ్యర్థి ఎంచుకున్న ఆటలో నైపుణ్యానికి. 100 మీటర్ల పరుగు, షాట్‌పుట్, లాంగ్ జంప్ లేదా హై జంప్, మగవాళ్లకు 800 మీటర్లు, ఆడవాళ్లకు 400 మీటర్ల పరుగు ఉంటాయి. వినడానికి కొండ పిల్లలకు ఇదంతా సులువే అనిపిస్తుంది. చాలామంది దెబ్బతినేది ఇక్కడే. రోజూ కిలోమీటర్లు నడిచే కుర్రాడు 800 మీటర్లలో బాగానే వస్తాడు, షాట్‌పుట్‌లో మాత్రం మార్కులు పోగొట్టుకుంటాడు. ఇనుప గుండును మెడ దగ్గర ఆనించి, కాలు తిప్పి, నెట్టాలి. దాన్ని రాయిలా విసిరితే ఫౌల్. వంద మీటర్లకు స్టార్ట్ తీసుకోవడం, లాంగ్ జంప్‌కు అడుగులు లెక్కపెట్టుకోవడం కూడా నేర్చుకుంటేనే వస్తాయి. ఊళ్లో బడి పీఈటీ సార్‌ను బతిమాలి మూడు నెలలు సాధన చేస్తే తేడా కనిపిస్తుంది. కోచింగ్ సెంటర్‌కు డబ్బు కట్టాల్సిన పని లేదు.

కొండ మీది పిల్లాడికి డిగ్రీ చింతపల్లి, పాడేరు లేదా అరకు ప్రభుత్వ డిగ్రీ కళాశాలల్లో అయిపోతుంది. ఆ తర్వాత విశాఖపట్నం. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో వ్యాయామ విద్య, క్రీడా శాస్త్రాల విభాగం ఉంది. అక్కడ బీపీఈడీతో పాటు ఎంపీఈడీ కూడా చేయొచ్చు. ప్రైవేటు కాలేజీలు చాలానే ఉన్నాయి. చేరేముందు ఆ కాలేజీకి ఆ కోర్సుకు ఎన్‌సీటీఈ గుర్తింపు ఉందా లేదా అని మండలి వెబ్‌సైటులో చూసుకోవడం తప్పనిసరి. గుర్తింపు లేని బీపీఈడీతో డీఎస్సీలో అడుగుపెట్టలేరు.

చదివాక ఉద్యోగాలు మూడు మెట్లుగా ఉంటాయి. యూజీడీపీఈడీ లేదా బీపీఈడీ ఉంటే పీఈటీ, బీపీఈడీతో స్కూల్ అసిస్టెంట్ వ్యాయామ విద్య, ఎంపీఈడీతో జూనియర్, డిగ్రీ కళాశాలల ఫిజికల్ డైరెక్టర్. డిగ్రీ కళాశాలలకూ విశ్వవిద్యాలయాలకూ యూజీసీ నెట్ లేదా సెట్ కూడా కావాలి. ఆంధ్రప్రదేశ్ 2022 వేతన సవరణ ప్రకారం పీఈటీ స్థాయి అసలు వేతనం 32,670 రూపాయల నుంచి, స్కూల్ అసిస్టెంట్‌ది 44,570 నుంచి మొదలవుతుంది. దీనికి అలవెన్సులు అదనం. ప్రైవేటు బడుల్లో పరిస్థితి వేరు. అక్కడ పీఈటీ చేతికి వచ్చేది ఇందులో చిన్న భాగమే. పైగా క్రమశిక్షణ నుంచి బస్సు డ్యూటీ దాకా అన్నీ ఆయన నెత్తినే పడతాయి. ఇది ముందే తెలిసి వెళ్లాలి.

బీసీ-ఇ కార్డు, జీవో 3 సంగతి

రిజర్వేషన్ల విషయంలో ముస్లిం కుటుంబాలు తరచుగా తికమకపడతాయి. 2007 చట్టం ప్రకారం బీసీ-ఇ కింద నాలుగు శాతం ఉంది. అది ముస్లింలందరికీ వర్తించదు. సయ్యద్, పఠాన్, మొఘల్, అరబ్ లాంటి కొన్ని వర్గాలు అందులో లేవు. దూదేకుల, నూర్‌బాషా కుటుంబాలు బీసీ-బి లోకి వస్తాయి. సర్టిఫికెట్‌లో తప్పు కేటగిరీ పడితే కౌన్సెలింగ్ రోజున సీటు చేజారుతుంది. ఈ నాలుగు శాతం మీద సుప్రీంకోర్టులో కేసు నడుస్తోంది. 2010 నాటి మధ్యంతర ఉత్తర్వు వల్ల అమలు కొనసాగుతోంది.

ఏజెన్సీలో ఇంకో సంగతి ఉంది. 2000 సంవత్సరంలో వచ్చిన జీవో నంబరు 3 షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే కేటాయించింది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం దాన్ని కొట్టేసింది. గిరిజన సంఘాలు దాన్ని ఏదో ఒక రూపంలో తిరిగి తేవాలని అడుగుతూనే ఉన్నాయి. వాళ్ల వాదనలో బలం ఉంది. తరతరాలుగా బడి ముఖం చూడని గూడేలకు వాళ్ల భాష తెలిసిన టీచరు కావాలి. అందుచేత గూడెం కొత్తవీధిలో పుట్టి పెరిగిన గిరిజనేతర పిల్లలు "మా ఊళ్లోనే పీఈటీ పోస్టు" అని ఒక్కదాని మీదే ఆశలు పెట్టుకోవడం మంచిది కాదు. నియమాలు ఎటైనా మారవచ్చు. ఆ ఏడాది డీఎస్సీ నోటిఫికేషన్‌లో ఏముందో అదే లెక్క. పక్కింటి గిరిజన మిత్రుడికి మాత్రం ఈ చదువు తప్పక చెప్పాలి. ఆశ్రమ పాఠశాలలు, గురుకులాలు, ఏకలవ్య పాఠశాలలు, అన్నింటికీ వ్యాయామ ఉపాధ్యాయులు కావాలి. ఇద్దరూ ఒకే బస్సులో పీఈసెట్‌కు వెళ్లొచ్చు.

ఆడినవాళ్లకు ఇంకో సౌకర్యం క్రీడా కోటా. ఆంధ్రప్రదేశ్ 2024 క్రీడా విధానంలో ప్రభుత్వ ఉద్యోగాల్లో క్రీడాకారుల వాటా రెండు నుంచి మూడు శాతానికి పెరిగింది. దీనికి గుర్తింపు పొందిన సంఘం పెట్టిన పోటీల్లో ఆడినట్టు సర్టిఫికెట్లు ఉండాలి. ఊళ్లో ఎవరో ట్రస్టు పేరుతో పెట్టిన "జాతీయ స్థాయి" పోటీల కాగితాలు చెల్లవు. ఈ విషయంలో డబ్బు తీసుకుని సర్టిఫికెట్లు అమ్మేవాళ్లున్నారు. తల్లిదండ్రులు మోసపోయేది ఎక్కువగా ఇక్కడే.

కోచ్ కావాలంటే

వ్యాయామ ఉపాధ్యాయుడు వేరు, కోచ్ వేరు. ఉపాధ్యాయుడు బడి పిల్లలందరికీ అన్ని ఆటలూ నేర్పుతాడు. కోచ్ ఒక ఆటలోనే లోతుగా వెళతాడు. కోచ్‌కు దేశంలో పేరున్న కాగితం పటియాలాలోని నేతాజీ సుభాష్ జాతీయ క్రీడా సంస్థ ఇచ్చే డిప్లొమా. 1961లో మొదలైన ఆ సంస్థను జనం ఎన్‌ఐఎస్ అనే పిలుస్తారు. ఏడాది కోర్సు. అభ్యర్థి ఏ ఆటలో చేరాలనుకుంటే ఆ ఆటలో మంచి స్థాయిలో పోటీపడి ఉండాలి. ఏడాది వెళ్లలేనివాళ్లకు ఆరు వారాల సర్టిఫికెట్ కోర్సు కూడా ఉంది. స్పోర్ట్స్ అథారిటీ, రైల్వే, పోలీసు, రాష్ట్ర శిక్షణ కేంద్రాలు కోచ్‌లను తీసుకునేటప్పుడు ఎన్‌ఐఎస్ డిప్లొమా ఉందా అని ముందు చూస్తాయి.

ఇంటర్ తర్వాత నేరుగా వ్యాయామ విద్యలోనే డిగ్రీ చేయాలనుకునేవాళ్లకు గ్వాలియర్‌లోని లక్ష్మీబాయి సంస్థ ఉంది. 1857 తిరుగుబాటుకు నూరేళ్లు నిండిన 1957లో, రాణి లక్ష్మీబాయి మరణించిన ఊళ్లో, ఆమె పేరుతో పెట్టారు. 1995 నుంచి డీమ్డ్ విశ్వవిద్యాలయం. గువాహటిలో దానికి ఈశాన్య కేంద్రం ఉంది. 2018 చట్టంతో మణిపూర్‌లో జాతీయ క్రీడా విశ్వవిద్యాలయం వచ్చింది. చెన్నైలో తమిళనాడు వ్యాయామ విద్య, క్రీడా విశ్వవిద్యాలయం ఉంది. దూరం చూస్తే విశాఖ నుంచి చెన్నైకి ఒక రాత్రి రైలు ప్రయాణం. ఇవన్నీ ప్రభుత్వ సంస్థలు కాబట్టి ఫీజులు ప్రైవేటు విశ్వవిద్యాలయాలంత ఉండవు.

మేనేజ్‌మెంట్ అంటే అసలేం చేస్తారు?

క్రీడా నిర్వహణ అనగానే చాలామంది ఐపీఎల్ జట్ల వెనుక సూటు వేసుకుని తిరిగేవాళ్లను ఊహించుకుంటారు. ఆ ఉద్యోగాలు చాలా కొద్ది. వాటికి ముంబై, ఢిల్లీల్లో పరిచయాలు కావాలి. నిజంగా దొరికే పనులు ఇంకా నేలమీద ఉంటాయి. స్టేడియం, స్విమ్మింగ్ పూల్ లాంటి వాటి నిర్వహణ, టోర్నమెంట్ల ఏర్పాట్లు, అకాడమీ అడ్మిషన్లు, లెక్కలు, స్పాన్సర్లతో మాట్లాడటం, ఆటగాళ్ల ప్రయాణాలు, బీమా, ఒప్పందాలు చూడటం. మారథాన్ పెడితే రోడ్డు అనుమతి దగ్గర్నుంచి మంచినీళ్ల టేబుళ్ల దాకా ఎవరో ఒకరు లెక్క వేయాలి కదా.

గ్వాలియర్ సంస్థలో క్రీడా నిర్వహణ, ఫిట్‌నెస్ నిర్వహణల్లో పీజీ డిప్లొమాలు నడిపారు. చెన్నై విశ్వవిద్యాలయంలో క్రీడా నిర్వహణ కోర్సు, కోల్‌కతాలోని ఐఐఎస్‌డబ్ల్యూబీఎంలో పీజీ డిప్లొమా, ఐఐఎం రోహ్తక్‌లో ఉద్యోగస్తుల కోసం కోర్సు ఉన్నాయి. పుణెలో సింబయాసిస్ క్రీడా శాస్త్రాల పాఠశాల ఎంబీఏ ఇస్తుంది, అది ప్రైవేటు, ఖర్చు ఎక్కువ. ఏ ఏడాది ఏ కోర్సుకు ప్రవేశాలు ఇస్తున్నారో ఆ సంస్థ ప్రకటనలోనే చూసుకోవాలి. కామర్స్ లేదా బీబీఏ చదివి, ఆటలు ఆడిన పిల్లలకు ఈ దారి బీపీఈడీ కంటే బాగా సరిపోతుంది. తెలుగుతో పాటు ఉర్దూ, హిందీ, ఇంగ్లీషు మాట్లాడగలిగితే ఈ పనిలో అది పెద్ద ఆస్తి. మన పిల్లలు దాన్ని ఆస్తిగా లెక్కపెట్టుకోరు, అది వేరే సంగతి.

పల్లెలో ఈ పని ఎలా ఉంటుందో చూడాలంటే అనంతపురం వెళ్లాలి. అక్కడ రూరల్ డెవలప్‌మెంట్ ట్రస్టు నడిపే క్రీడా గ్రామంలో హాకీ, ఫుట్‌బాల్, క్రికెట్, జూడో నేర్పుతారు. 2010లో రఫెల్ నాదల్ ఫౌండేషన్‌తో కలిసి టెన్నిస్ బడి కూడా పెట్టారు. కరువు జిల్లాలో పేద పిల్లలు టెన్నిస్ ఆడటం మొదట్లో వింతగా తోచినా, అక్కడ పనిచేసే కోచ్‌లు, సమన్వయకర్తలు, మైదాన సిబ్బంది అందరికీ అదే జీవనోపాధి. మొయినాబాదు దగ్గర సానియా మీర్జా 2013లో పెట్టిన టెన్నిస్ అకాడమీలోనూ, గచ్చిబౌలిలో గోపీచంద్ అకాడమీలోనూ ఇదే లెక్క. పేరు ఒకరిది, పని ఎందరిదో.

జిమ్ ట్రైనర్ చదువు

హైదరాబాదు పాతబస్తీకి తాలీంఖానాలు కొత్త కాదు. కుస్తీ పట్టడం, ముద్గర తిప్పడం, ఉస్తాద్ ముందు తల వంచి నేర్చుకోవడం అక్కడి సంప్రదాయం. బార్కస్ పహిల్వాన్ల పేరు ఇప్పటికీ వినిపిస్తుంది. ఉత్తరాంధ్రలో కోడి రామమూర్తి నాయుడు మద్రాసు సైదాపేటలో వ్యాయామ శిక్షణ పొంది, విజయనగరంలో తాను చదివిన బడిలోనే వ్యాయామ శిక్షకుడిగా చేరారు. సర్కస్ పెట్టి ప్రపంచం చుట్టిరావడం ఆ తర్వాతి సంగతి. అంత బలశాలి కూడా ముందు శిక్షణ కాగితం సంపాదించుకున్నారు.

ఇప్పటి జిమ్‌లలో మాత్రం కండలుంటే చాలు ట్రైనర్ అనే అలవాటు ఇంకా పోలేదు. మోకాలు నొప్పి ఉన్న యాభై ఏళ్ల ఖాలాజాన్‌తో స్క్వాట్స్ చేయిస్తే ఏమవుతుందో ఆ కుర్రాడికి తెలియదు. షుగర్, బీపీ ఉన్నవాళ్లే ఇప్పుడు జిమ్‌కు ఎక్కువగా వస్తున్నారు. అందుకే చదువుకున్న ట్రైనర్‌కు గిరాకీ. మన దేశంలో ఈ రంగానికి క్రీడలు, వ్యాయామ విద్య, ఫిట్‌నెస్ నైపుణ్య మండలి ఉంది. దాని కింద ఫిట్‌నెస్ ట్రైనర్ కోర్సులు తక్కువ ఖర్చుతో చేయొచ్చు. విదేశీ గుర్తింపు కావాలంటే అమెరికా సంస్థలైన ఏసీఈ, ఏసీఎస్ఎం, ఎన్ఎస్‌సీఏల పరీక్షలు ఉన్నాయి. ఏసీఈ పర్సనల్ ట్రైనర్ పరీక్షకు పద్దెనిమిదేళ్ల వయసు, పన్నెండో తరగతి, గుండె ఆగినప్పుడు చేసే సీపీఆర్ శిక్షణ సర్టిఫికెట్ చాలు. ఎన్ఎస్‌సీఏ వారి సీఎస్‌సీఎస్‌కు డిగ్రీ కావాలి. పరీక్ష ఇంగ్లీషులో, ఫీజు డాలర్లలో. ముందు ఇక్కడి కోర్సు చేసి, ఒకట్రెండేళ్లు పనిచేసి, ఆ సంపాదనతో రాయడం తెలివైన పద్ధతి.

ట్రైనర్ పనిలో జీతం కంటే పర్సనల్ ట్రైనింగ్ కమీషనే ముఖ్యం. పొద్దున ఐదింటికి, సాయంత్రం ఐదు నుంచి పది దాకా పని. మధ్యాహ్నమంతా ఖాళీ. రంజాన్ నెలలో ఉపవాసం ఉంటూ ఈ వేళలు నెట్టుకురావడం కష్టమే. ఆ నెలలో తరావీహ్ తర్వాత బ్యాచ్‌లు పెట్టుకునే జిమ్‌లు పాతబస్తీలో ఉన్నాయి.

ఒక ప్రమాదం గురించి దాచకుండా చెప్పుకోవాలి. స్టెరాయిడ్ ఇంజెక్షన్లు, పేరూ ఊరూ లేని పౌడర్లు అమ్మితే ట్రైనర్‌కు జీతం కంటే ఎక్కువ మిగులుతుంది. కొత్తగా చేరిన కుర్రాళ్లను ఈ ఊబిలోకి లాగేది తోటి ట్రైనర్లే. ఇవి గుండెను, కాలేయాన్ని, సంతాన శక్తిని దెబ్బతీస్తాయి. పోటీల్లో ఆడేవాడైతే డోపింగ్ పరీక్షలో దొరికి ఏళ్ల తరబడి నిషేధం పడుతుంది. హరామ్ సంపాదన అని ఇంట్లో వేరే చెప్పనక్కర్లేదు, డ్రగ్స్ చట్టం ప్రకారం కూడా అది నేరమే.

అమ్మాయిల సంగతి

నిజామాబాద్ అమ్మాయి నిఖత్ జరీన్ 2022లో ఇస్తాంబుల్‌లో, 2023లో ఢిల్లీలో ప్రపంచ బాక్సింగ్ చాంపియన్ అయింది. 2024లో తెలంగాణ ప్రభుత్వం డీఎస్పీ ఉద్యోగం ఇచ్చింది. ఆమె తండ్రి స్వయంగా క్రీడాకారుడు. చుట్టాలు ఏమన్నా ఆయన వెనక్కి తగ్గలేదు. అందరు అమ్మాయిలూ బాక్సింగ్ రింగ్‌లోకి దిగక్కర్లేదు. ఫిట్‌నెస్ చదువులో అమ్మాయిలకు ఉన్న అవకాశం ఇంకోలా ఉంటుంది. ఆడవాళ్లకు మాత్రమే నడిచే జిమ్‌లు, ప్రసవం తర్వాత వ్యాయామం, నడివయసు తల్లులకు షుగర్ తగ్గించే తరగతులు, బాలికల గురుకులాల్లో పీఈటీ పోస్టులు. వీటన్నింటికీ మహిళలే కావాలి, దొరకడం లేదు. పర్దా పాటించే కుటుంబాలకు ఇది అడ్డంకి కాదు, ఒక రకంగా బలం. ఆ ఇళ్ల ఆడవాళ్లు మగ ట్రైనర్ దగ్గరికి వెళ్లరు కాబట్టి.

తలకప్పు విషయంలో నియమాలు మారాయి. ఫుట్‌బాల్ నియమాల మండలి 2014లో, అంతర్జాతీయ బాస్కెట్‌బాల్ సమాఖ్య 2017లో తలకప్పుతో ఆడేందుకు అనుమతించాయి. ట్రాక్ సూటు, ఫుల్ స్లీవ్స్‌తో సాధన చేయడానికి కోచ్‌లు ఇప్పుడు పెద్దగా అభ్యంతరం చెప్పడం లేదు. హాస్టల్, ప్రయాణం, మహిళా కోచ్ ఉన్నారా లేదా అన్నవి మాత్రం తల్లిదండ్రులు వెళ్లి కళ్లతో చూసి రావాల్సిన విషయాలు.

గల్ఫ్ దారిలో కూడా ఇది పనికొస్తుంది. సౌదీ అరేబియా 2017లో మహిళల జిమ్‌లకు లైసెన్సులు ఇవ్వడం, అదే ఏడాది బాలికల ప్రభుత్వ బడుల్లో వ్యాయామ విద్య పెట్టడం మొదలుపెట్టింది. 2034 ఫుట్‌బాల్ ప్రపంచ కప్ ఆ దేశానికే దక్కింది. 2022లో ఖతార్ చేసిన ఏర్పాట్లు చూసినవాళ్లకు ఇక ముందు ఎంత సిబ్బంది కావాలో అంచనా ఉంటుంది. ఎమిరేట్స్‌లో ట్రైనర్‌గా పనిచేయాలంటే రెప్స్ యూఏఈ రిజిస్ట్రేషన్ అడుగుతారు. దానికి గుర్తింపు పొందిన సర్టిఫికెట్ చూపాలి. ఇక్కడ కాగితం లేకుండా "అక్కడికెళ్లి చూసుకుందాం" అని విజిట్ వీసా మీద ఎక్కితే మళ్లీ సామాను మోసే పనే దొరుకుతుంది.

కొండ మీదే ఉండి చేయగలిగేది

లంబసింగి చలి చూడటానికి వచ్చే జనం పెరిగాక, చింతపల్లి నుంచి అరకు దాకా ట్రెక్కింగ్, క్యాంపింగ్ పేరుతో వ్యాపారం మొదలైంది. ఇందులో శిక్షణ ఉన్నవాళ్లు తక్కువ. పర్యాటకుడు జారిపడితే కట్టు కట్టడం కూడా రాదు. దీనికీ పద్ధతైన చదువుంది. డార్జిలింగ్‌లో హిమాలయన్ మౌంటెనీరింగ్ ఇన్‌స్టిట్యూట్, ఉత్తరకాశిలో నెహ్రూ ఇన్‌స్టిట్యూట్ నెల రోజులలోపు ప్రాథమిక పర్వతారోహణ కోర్సులు నడుపుతాయి. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కిన మాలావత్ పూర్ణ, సాధనపల్లి ఆనంద్ కుమార్ ఇద్దరూ సాంఘిక సంక్షేమ గురుకులాల పిల్లలే. భువనగిరి రాళ్ల మీద మొదలుపెట్టి, డార్జిలింగ్ వెళ్లి నేర్చుకున్నారు. పూర్ణ వయసు అప్పటికి పద్నాలుగేళ్లు కూడా నిండలేదు.

అయితే సొంతంగా క్యాంపు లేదా జిమ్ పెడదామనుకునే గిరిజనేతర కుటుంబాలు ఒకటి గుర్తుంచుకోవాలి. షెడ్యూల్డ్ ప్రాంత భూబదలాయింపు చట్టం, అందరి నోళ్లలో 1/70, ఇక్కడ అమల్లో ఉంది. గిరిజనేతరులు భూమి కొనడం కుదరదు. లీజు కూడా ఆ చట్టం దృష్టిలో బదలాయింపే. నోటిమాట ఒప్పందంతో షెడ్డు వేసి, పరికరాలు తెచ్చి పెట్టాక కేసు పడితే పెట్టుబడి మొత్తం పోతుంది. చట్టబద్ధంగా చేయాలంటే స్థానిక గిరిజన యువకుల సంఘం నడిపే క్యాంపులో శిక్షకుడిగా, గైడుగా పనిచేయడమే సరైన మార్గం. పాడేరు ఐటీడీఏ కార్యాలయంలో ఈ విషయాలు ముందే అడిగి తెలుసుకోవాలి.

"కొండ గాలిలో సాధన చేస్తే ఊపిరి పెరుగుతుంది, ఒలింపిక్స్ స్థాయి వస్తుంది" అని ప్రకటనల్లో రాసే అకాడమీల మాట కూడా నమ్మకూడదు. ఎత్తు మీద సాధన వల్ల రక్తంలో కణాలు పెరగాలంటే సుమారు రెండు వేల మీటర్ల ఎత్తు, వారాల తరబడి ఉండటం అవసరం. ఇక్కడి ఊళ్లు వెయ్యి మీటర్లకు అటూ ఇటూ. చల్లని గాలి, ఎత్తుపల్లాల దారులు, ట్రాఫిక్ లేని రోడ్డు సాధనకు బాగుంటాయి, అంతవరకే.

ఇప్పుడు చేయాల్సినవి

పిల్లవాడు చిన్నవాడైతే, నాలుగో తరగతి ప్రవేశాల సమయంలోనే కడప పుట్లంపల్లిలోని క్రీడా పాఠశాలకు ప్రయత్నించవచ్చు. తెలంగాణ పిల్లలకు హకీంపేటలో అలాంటిదే ఉంది. ఎత్తు, బరువు, పరుగు, దూకుడు లాంటి పరీక్షలు పెట్టి తీసుకుంటారు. హాస్టల్, చదువు ప్రభుత్వానివే.

ఇంటర్‌లో ఉంటే రెండు పనులు. ఒకటి, స్కూల్ గేమ్స్ దగ్గర్నుంచి ఆడిన ప్రతి పోటీ సర్టిఫికెట్ అసలు కాగితం ఒక ఫైలులో పెట్టి, పేరు, పుట్టిన తేదీ పదో తరగతి మెమోతో సరిపోయాయా అని చూడాలి. మన పేర్లలో షేక్ ముందా వెనకా, మొహమ్మద్ పూర్తిగానా పొట్టిగానా అన్న తేడాతోనే ఎన్నో దరఖాస్తులు ఆగిపోతాయి. రెండు, కుల ధ్రువీకరణ, ఆదాయ పత్రాలు మీసేవలో, సచివాలయంలో ముందే తీసుకోవాలి. పీఈసెట్ మైదాన పరీక్షలు మామూలుగా జూన్ ప్రాంతంలో ఉంటాయి. నోటిఫికేషన్ వేసవిలోనే వస్తుంది. కొండ మీద నెట్‌వర్క్ పోయి చివరి తేదీ దాటిపోయిన సందర్భాలు చాలా ఉన్నాయి కాబట్టి, ఫారం నింపడానికి నర్సీపట్నం దిగాల్సి వస్తే ఆఖరి రోజు దాకా ఆగకుండా ముందటి వారమే దిగాలి.